మంచి సంఖ్యను పారవేయు విధానం

జలద్వార గణన కేంద్రానికి అసెంబ్లీ భాష వచ్చిన మనిషి కావలసి వచ్చినప్పుడు, ఆ ఫైలు ముందుగా శాసనసభ ప్రశ్నల విభాగానికి వెళ్లింది. అసెంబ్లీ అన్న మాట ఉన్న కాగితం ఏదైనా అక్కడికే పోవాలని ఆనవాయితీ. వాళ్లు దాన్ని ఒక సీజనంతా ఉంచుకుని, సభలో మాట్లాడేది తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషేననీ, మూడూ దిట్టంగా వచ్చినవారు తమ దగ్గర ఇద్దరున్నారనీ జవాబు రాశారు. ఆ ఇద్దర్నీ డిప్యుటేషన్ మీద పంపారు కూడా. వాళ్లు వచ్చి, కంప్యూటరుకు ఎదురుగా కూర్చుని, టీ తాగి, దానితో మాట్లాడవలసింది తమకేమీ కనిపించలేదని చెప్పి వెళ్లిపోయారు. కడారి నీలవేణిని పిలిచింది ఆ తర్వాతే.

నీలవేణి బాలానగర్‌లో లేతు మిషన్లకు కంట్రోలు బోర్డులు తయారుచేసే చిన్న కంపెనీలో చాలా ఏళ్లు పనిచేసింది. ఈ అంకె తీసుకో, ఆ గదిలో పెట్టు, దీనితో గుణించు, వర్గమూలం తియ్యి అంటూ చిప్పుకు ఒక్కొక్క ముక్కగా చెప్పే భాష అసెంబ్లీ. అందులో రాసేవాళ్లు ఇప్పుడు తక్కువ. ఇంకొకరు రాసింది చదవగలవాళ్లు ఇంకా తక్కువ. కంపెనీ మూతపడి ఇంటి దగ్గర ఉన్న నీలవేణికి కేంద్రం వాళ్లు కాంట్రాక్టు ఉద్యోగం ఇస్తామంటే, నదులకు పనికొచ్చే పని కదా అని సంతోషంగానే చేరింది.

బూరుగువాగు ప్రాజెక్టు గేట్లను ఎంత ఎత్తాలో లెక్కగట్టడం ఆ కేంద్రం పని. డ్యాము మీద కంట్రోలు గదిలో ఒక పాత కంప్యూటరు ఉంది. నీటిమట్టం దానికి చేరుతుంది, అది లెక్క చేసి ఒక సంఖ్య చెబుతుంది, మోటార్లు ఆ సంఖ్య ప్రకారం గేట్లను లేపుతాయి. ఆ ప్రోగ్రాము రాసిన ఇంజనీరు రిటైరై, కాలం చేసి కూడా చాలా ఏళ్లయింది. అంతకుముందు గేట్లను మనుషులే చూపుతో అంచనా వేసి ఎత్తేవారు. ఒకసారి అంచనా తప్పి, బాధ్యుడెవరో తేలక, విచారణ మూడు ప్రభుత్వాల పాటు నడిచింది. అప్పటినుంచి యంత్రం సంఖ్య చెబితే తప్ప గేటు కదలకూడదని నిబంధన పెట్టారు. ఇక తప్పు జరిగితే అది సంఖ్యది. చేత్తో తిప్పే హ్యాండిళ్లను దుర్వినియోగం కాకుండా ఊడదీసి నగరంలోని స్టోర్సులో భద్రపరిచారు.

ఆ ఏడాది వేసవిలో డైరెక్టరు డాక్టర్ పరాంకుశం ఒక సదస్సుకు వెళ్లి, "నిమిషనిమిష గణన" అనే మాట నేర్చుకుని వచ్చారు. అప్పటిదాకా డ్యాము మీద రోజుకు మూడుసార్లు లెక్క చేసి, సాయంత్రం కంప్యూటరు ఆపేసేవారు. ఇకమీదట నిమిషానికొకసారి, ఆపకుండా లెక్క జరగాలని ఆయన ఉత్తర్వు ఇచ్చారు. నది నిమిషనిమిషం ప్రవహిస్తున్నప్పుడు శాఖ మాత్రం పూటపూటకు ప్రవహించడమేమిటని ఆయన ప్రశ్న. 

తొలకరి వానలకు నీళ్లు కాస్త పెరిగాయో లేదో, తెర మీద సంఖ్యకు బదులు "సంఖ్య కాదు" అని వచ్చింది. అధికార భాష అమలులో భాగంగా ఆ యంత్రం సందేశాలన్నిటినీ ఎవరో తెలుగు చేసి ఉన్నారు. గేట్ల వర్క్ ఇన్‌స్పెక్టరు మల్సూర్ ఫోను చేసి సంగతి చెప్పాడు. తాను కంప్యూటరును ఆపి మళ్లీ పెడితే కొద్దిసేపు మంచిగానే నడుస్తోందనీ, తర్వాత మళ్లీ అదే మాట అంటోందనీ అన్నాడు. డైరెక్టరు అది యంత్రం అభిప్రాయమనుకున్నారు. నిమిషానికొకసారి అడిగితే ఎవరికైనా విసుగొస్తుందని, కొన్నాళ్లకు అలవాటు పడుతుందని ఓపిక పట్టమన్నారు.

నీలవేణి ఓపిక పట్టలేదు. అలాంటి యంత్రమే కేంద్రంలోనూ ఒకటి ఉంది. దాని ముందు కూర్చుని ప్రోగ్రామును ఒక్కొక్క ఆదేశం చొప్పున నడిపించసాగింది. ముందు సున్నాతో ఎక్కడైనా భాగహారం జరుగుతోందేమోనని వెతికింది. లేదు. నీటిమట్టం గేటు గడప కంటే కిందికి పోయి, రుణ సంఖ్యకు వర్గమూలం తీయవలసి వస్తోందేమోనని చూసింది. అదీ కాదు. పాత ఇంజనీరు చాలా జాగ్రత్తపరుడు, అలాంటి చోట్లన్నీ కాపు కాశాడు. ఇంటికి వెళ్లినా ఆ ఆదేశాలే కళ్ల ముందు తిరిగేవి. పప్పులో పోపు మాడ్చి భర్త చేత ఒక మాట కూడా పడింది.

చివరికి ఆమెకు ఒక సంగతి కనిపించింది. నీళ్లు ఒక గుర్తు దాటి పైకి వచ్చినప్పుడు మాత్రమే ఈ పీడ వస్తోంది. ఆ గుర్తు దాటితే ప్రోగ్రాము వేరే దారిలోకి మళ్లుతుంది. అక్కడ ఇంతకుముందటి మట్టాన్నీ, ఇప్పటి మట్టాన్నీ రెంటినీ తీసుకుని పోల్చి చూస్తుంది.

దశాంశాల లెక్కల కోసం ఆ చిప్పులో ఎనిమిది అరలు ఉంటాయి. అవి పక్కపక్కన ఉన్న గదుల్లా కాదు, ఒకదాని మీద ఒకటి పెట్టిన గిన్నెల దొంతరలా పనిచేస్తాయి. కొత్త సంఖ్య వస్తే పైన చేరుతుంది. తీయాలన్నా పైనున్నదే తీయాలి. లెక్క ముగిసేసరికి పెట్టినవన్నీ తీసేయాలి. ఈ దారిలో మాత్రం పోల్చడం అయిపోయాక పాత మట్టాన్ని దొంతరలోనే వదిలేసి ప్రోగ్రాము తిరిగి వెళ్లిపోతోంది. ఒక్కో లెక్కకు ఒక్కో సంఖ్య మిగిలిపోతోంది. రోజుకు మూడుసార్లు లెక్క చేసి సాయంత్రం ఆపేసిన కాలంలో దొంతర నిండే అవకాశమే లేదు. నిమిషానికొకసారి అయ్యేసరికి కాసేపట్లోనే నిండిపోతోంది. నిండాక మరొకటి పెట్టబోతే చిప్పు దాన్ని చెడగొట్టి, సంఖ్య కాదంటోంది.

ఆ మధ్యాహ్నం నీలవేణి ఎనిమిది అరలను తెర మీద పెట్టుకుని, అవి ఒక్కొక్కటే నిండడం కళ్లారా చూసింది. చాలా రోజుల తర్వాత కడుపునిండా నవ్వింది. ఒక్క ఆదేశం చేర్చింది. పైనున్న సంఖ్యను తీసెయ్యమని. సాయంత్రం దాకా నడిపించి చూస్తే యంత్రం ఒక్కసారి కూడా మొరాయించలేదు.

ఆమె ఆ మార్పును ఎవరికీ చెప్పకుండా డ్యాముకు పంపేయవచ్చు. ఆ భవనంలో ఆ లైను చదవగల మనిషి లేడు. కానీ ఆమె బాలానగర్‌లో పని నేర్చుకున్న మనిషి. చేసిన పని ఫోర్‌మనుకు చూపించి, ఆయన ఊఁ అన్నాకే బోర్డు బయటికి పంపేవారు అక్కడ. ఆ అలవాటుతో మార్పును అనుమతికి పెట్టింది.

అనుమతి ఇవ్వవలసినవారు రికార్డుల జాయింట్ డైరెక్టరు విఠలేశ్వర్. ఆయన చెడ్డవారు కాదు. లంచం ఎరగరు, ఆఫీసుకు ఆలస్యంగా రారు. గుమస్తాగా చేరిన కొత్తలో ఆయన కాపలాలో ఉన్న ఒక రికార్డు గదిని చెదలు తినేశాయి. ఒక తాలూకా సర్వే మొత్తం పొడి అయిపోయింది. ఆ సంజాయిషీ రాసి రాసి ఆయన జుట్టు ముప్పైకే నెరిసింది. అప్పటినుంచి ప్రభుత్వానికి చెందినదేదీ తన చేతుల మీదుగా నాశనం కానివ్వనని ఆయన ఒట్టు పెట్టుకున్నారు. రాయని రీఫిళ్లు కూడా ఆయన సొరుగులో కట్టలుగా ఉండేవి.

"ఈ లైను ఏం చేస్తుందమ్మా?" అని అడిగారు ఆయన.

"దొంతరలో పైనున్న సంఖ్యను తీసేస్తుంది సార్."

"తీసి?"

"తీసి ఏం లేదు సార్. పారేస్తుంది."

విఠలేశ్వర్ పెన్సిలు కింద పెట్టారు. ప్రభుత్వ జలాన్ని ప్రభుత్వ పరికరంతో కొలిచి, ప్రభుత్వ విద్యుత్తుతో యంత్రంలోకి చేర్చిన సంఖ్యను పారేస్తారా అని మెల్లగా అడిగారు. దానితో పని అయిపోయిందని నీలవేణి చెప్పింది.

"పని అయిపోయినవన్నీ పారేయాలంటే ఈ భవనంలో ఎవరు మిగులుతారమ్మా?" అన్నారు ఆయన. అందులో ఎగతాళి లేదు. నిజంగానే అడిగారు.

నీలవేణి మాట మార్చి చూసింది. పారేయడం కాదు, దించడం అంది. ఎక్కడికి దించుతారని ఆయన అడిగారు. ఎక్కడికీ కాదంది. "ఎక్కడికీ కాదు" అనే స్థలం శాఖ ఆస్తుల్లో లేదని ఆయన అన్నారు. అయితే ఆ సంఖ్యను ఒక మూల దాచి, తర్వాతిది వచ్చినప్పుడు దాని మీదే రాస్తే ఎలా ఉంటుందని అడిగింది. రికార్డు మీద రికార్డు రాయడాన్ని దిద్దుబాటు అంటారనీ, దానికి క్రిమినల్ కేసు పెట్టవచ్చనీ ఆయన దయగా హెచ్చరించారు. పోనీ అన్నిటినీ దాచుకుంటూ పోదామంటే ఆ పాత యంత్రంలో అంత చోటు లేదు. చివరికి సంఖ్యల విసర్జన మీద ఒక కమిటీ వేశారు.

కమిటీలో డైరెక్టరు పరాంకుశం అధ్యక్షులు, విఠలేశ్వర్ కన్వీనరు. నీలవేణిని ప్రత్యేక ఆహ్వానితురాలిగా పిలిచారు. ప్రత్యేక ఆహ్వానితులు అడిగితే తప్ప మాట్లాడకూడదు. మొదటి సమావేశంలో డైరెక్టరు ఎనిమిది అరలను పదహారు చేయమని చిప్పు కంపెనీకి రాద్దామన్నారు. రాశారు. ఆ చిప్పు తయారీ మానేసి చాలా కాలమైందని జవాబు వచ్చింది. తయారీ మానేసిన వస్తువు ఇంకా పనిచేస్తూ ఉండటం శాఖ నిర్వహణకు నిదర్శనమని డైరెక్టరు సంతోషించి, ఆ జవాబును గోడకు పెట్టించారు.

రెండో సమావేశంలో, చివర చేరిన సంఖ్య ముందు బయటికి పోవడం న్యాయమేనా అన్న చర్చ వచ్చింది. ముందు వచ్చినవారికి ముందు విముక్తి అన్నది ప్రకృతి ధర్మమని డైరెక్టరు అన్నారు. విఠలేశ్వర్ మాత్రం ఉద్యోగుల కుదింపు నిబంధనలు తిరగేసి, అక్కడ కూడా చివర చేరినవారే ముందు ఇంటికి పోతారని కనుక్కున్నారు. దొంతర ఈ విషయంలో చట్టబద్ధంగానే ఉందని అందరూ ఒప్పుకున్నారు. నీలవేణికి ప్రాణం లేచి వచ్చింది. అంతలో విఠలేశ్వర్ తర్వాతి పేజీ తిప్పారు. కుదింపుకు నెల రోజుల ముందు నోటీసు ఇవ్వాలి.

సంఖ్యకు నోటీసు ఎలా ఇవ్వాలన్న దాని మీద మూడో సమావేశం పెట్టాలనుకున్నారు. చిప్పులో ఆ సంఖ్య పని ఉండే కాలం రెప్పపాటులో వెయ్యో వంతు కూడా కాదని నీలవేణి అడగకుండానే చెప్పింది. అంత తక్కువ సర్వీసు ఉన్నవారి విషయంలోనే అన్యాయాలు ఎక్కువ జరుగుతాయని విఠలేశ్వర్ ఆమెకు గుర్తుచేశారు.

ఈలోగా వానలు దంచికొట్టసాగాయి. డ్యాము మీద మల్సూర్ కంప్యూటరును ఆపడం, పెట్టడం, అది బతికి ఉన్న కొద్దిసేపట్లో గేట్లు సర్దుకోవడం, ఇలా ఎలాగో నెట్టుకొస్తున్నాడు. తనకు తోచిన ఉపాయం కాబట్టి దాన్ని వారపు నివేదికలో గర్వంగా రాశాడు. ఆ వాక్యం విఠలేశ్వర్ కంటపడింది. యంత్రాన్ని ఆపినప్పుడు లోపలున్న సంఖ్యలు ఏమవుతాయని నీలవేణిని పిలిచి అడిగారు. అబద్ధం చెప్పడం ఆమెకు అప్పటికింకా రాలేదు. పోతాయని చెప్పింది.

మర్నాడే విఠలేశ్వర్ పంపిన మనిషి డ్యాముకు వెళ్లి, కంప్యూటరు స్విచ్చుకు లక్కతో సీలు వేసి వచ్చాడు. కమిటీ నిర్ణయం వచ్చేదాకా యంత్రాన్ని ఆపితే రికార్డుల ధ్వంసంగా పరిగణిస్తామని గోడ మీద నోటీసు అంటించాడు.

రెండు రోజులు ముసురు పట్టి వదల్లేదు. మూడో రోజు పొద్దున్నే మల్సూర్ నీలవేణికి ఫోను చేశాడు. బూరుగువాగుకు దిగువన, వాగు మధ్య లంకలో లింగాలమడుగు వాళ్ల కూరగాయల మళ్లున్నాయి. గొర్ల మందలు కూడా అక్కడే పెడతారు. మల్సూర్ అత్తగారి ఊరు అది.

"మేడం, బంద్ జేసి చాలు జేస్తే నడుస్తుండె. ఇప్పుడు సీలేసిండ్రు. నీళ్లు కట్ట మీదికొస్తున్నయి. ఇప్పటిసంది కొంచెం కొంచెం ఇడిస్తేనే కింద బతుకుతరు. ఒక్కసారి ఇడిస్తే ఏం మిగలది."

నీలవేణి డైరెక్టరు గదిలోకి అనుమతి లేకుండా వెళ్లింది. విఠలేశ్వర్ అక్కడే ఉన్నారు. ఇద్దరూ ఆమె చెప్పింది శ్రద్ధగా విన్నారు. తెర మీద ఏముందని డైరెక్టరు అడిగారు. "సంఖ్య కాదు" అని ఉందని చెప్పింది. సంఖ్య వస్తే తప్ప గేటు కదపరాదన్న నిబంధనలో, సంఖ్య రానప్పుడు ఏం చేయాలో లేదు. పరిస్థితిని స్వయంగా పరిశీలించడం తప్ప గత్యంతరం లేదని తేల్చి, ముగ్గురూ జీపులో బయల్దేరారు. దారిలో విఠలేశ్వర్ పులిహోర పొట్లం విప్పి ఇద్దరికీ పెట్టారు.

డ్యాము చేరేసరికి మధ్యాహ్నమైంది. ఎర్రటి నీళ్లు గేట్ల పైఅంచుకు జానెడు దూరంలో ఉన్నాయి. మల్సూర్ గొంగడి కప్పుకుని కంట్రోలు గది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పొద్దుటే బావమరిదికి ఫోను చేసి, లింగాలమడుగు జనాన్ని లంక ఖాళీ చేయించమని చెప్పానన్నాడు. అతనికి ఆ అధికారం ఎవరిచ్చారని డైరెక్టరు అడగబోయి, నీళ్ల వైపు చూసి ఊరుకున్నారు.

నీలవేణి కంప్యూటరు ముందు కూర్చుని, చిప్పు లోపలి అరలను తెర మీదికి తెచ్చింది. చాలాసేపు చూసింది. తర్వాత విఠలేశ్వర్‌ను పిలిచింది.

"సార్, మీరు కాపాడమన్న సంఖ్యలు ఇందులో ఒక్కటి కూడా లేవు."

ఆయన ముఖం పాలిపోయింది. ఎవరు తీశారని అడిగారు. ఎవరూ తీయలేదని ఆమె చెప్పింది. దొంతర నిండాక కూడా నిమిషానికొకటి తోస్తూ పోతే, చిప్పు అడుగున ఉన్న అరల మీదికే మళ్లీ వచ్చి, ఒక్కొక్కదాన్నీ చెడగొట్టుకుంటూ పోయింది. ఇప్పుడు ఎనిమిది అరల్లోనూ ఎనిమిది "సంఖ్య కాదు"లే ఉన్నాయి. వాటిని కాపాడటం కోసం వేసిన సీలే వాటిని ఒక్కటి మిగలకుండా తినేసింది.

విఠలేశ్వర్ తెర మీద ఒక్కొక్క అరనూ వేలితో తాకుతూ చదివారు. ఆయన కళ్లలో చెదలు పట్టిన ఆ పాత గది కదిలినట్టు నీలవేణికి అనిపించలేదు. క్రమంగా ఆయన ముఖం తేటపడటమే కనిపించింది.

"ఇవి సంఖ్యలు కావని యంత్రమే ధ్రువీకరిస్తోంది" అన్నారు. "అంటే ఇక్కడ రక్షించవలసినదేదీ లేదు. సీలు తీయవచ్చు."

మల్సూర్ ఆ మాట పూర్తి కాకముందే లక్కను పగలగొట్టాడు. నీలవేణి తన బ్యాగులోంచి కొత్త ప్రోగ్రాము తీసింది. విఠలేశ్వర్ చెయ్యి అడ్డం పెట్టారు. సీలు తీయడం వేరు, మార్పు చేయడం వేరని, మంచి సంఖ్యను పారేసే ఆ లైను ఇంకా కమిటీ ముందే ఉందని అన్నారు. పాత ప్రోగ్రాముతోనే నడిపిస్తే కాసేపటికి మళ్లీ మూగబోతుంది.

బయట నీళ్లు గేట్లను రాపాడుతున్న చప్పుడు వినిపిస్తోంది. నీలవేణికి కోపం వచ్చింది. ఆ కోపంలోనే ఒక ఆలోచన కూడా వచ్చింది.

"మంచిది పారేయకూడదు సార్. చెడిపోయింది పారేయొచ్చా?"

"చెడిన వస్తువును స్థానికంగా పారవేసే అధికారం నాకే ఉంది. కమిటీ అక్కర్లేదు."

"మంచిదాన్ని చెడగొట్టకూడదని ఎక్కడన్నా ఉందా?"

విఠలేశ్వర్ కళ్లు మూసుకుని తాను చదివిన నిబంధనలన్నీ మనసులో తిరగేశారు. చెడగొట్టడం గురించి ఎక్కడా లేదు. ఎవరికీ ఆ అవసరం తోచలేదు కాబోలు.

నీలవేణి అక్కడే కూర్చుని ఒక్క లైనుకు బదులు నాలుగు లైన్లు రాసింది. సున్నాను తీసుకో, దాన్ని దానితోనే భాగించు, ఆ పుట్టిన చెత్తను మంచి సంఖ్యలో కలుపు, తర్వాత పారేయి. విఠలేశ్వర్ నాలుగు లైన్లూ చెప్పించుకుని విన్నారు. చివరి లైను పాత లైనేనని ఆయనకు తెలుసు. ఇప్పుడది పారేసేది చెత్తను. తృప్తిగా సంతకం పెట్టారు.

యంత్రం లేచింది. సంఖ్య వచ్చింది. అది చాలా పెద్ద సంఖ్య. మూడు రోజులుగా కొంచెం కొంచెం వదలవలసిన నీళ్లన్నీ ఒక్కసారి వదలవలసినంత. మల్సూర్ ఆ సంఖ్య చూసి, మీట నొక్కి, దిగువ వైపు కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

మనుషులెవరూ పోలేదు. మల్సూర్ పొద్దుటే చేసిన ఫోను వాళ్లను గట్టెక్కించింది. లంక మాత్రం పోయింది. దొండ పందిళ్లు, వంగ మళ్లు, బోరు మోటార్లు పోయాయి. తోలుకురాలేకపోయిన గొర్లు పోయాయి. తెల్లారి చూస్తే అక్కడ ఒక ఊరి కష్టం ఉండేదని చెప్పడానికి గుర్తు కూడా లేదు. ఇసుక మేట, దాని మీద కొంగలు.

విచారణ తొందరగానే ముగిసింది. నీళ్లను యంత్రం చెప్పిన సంఖ్య ప్రకారమే వదిలారు కాబట్టి ఎవరి తప్పూ లేదు. పైగా సంక్షోభ సమయంలో విఠలేశ్వర్ కనిపెట్టిన విధానాన్ని విచారణాధికారి ప్రత్యేకంగా మెచ్చుకున్నారు. ఏళ్ల తరబడి కదలని ఫైళ్లకు అందులో దారి దొరికింది. మంచి వస్తువును పారేయడానికి కమిటీ కావాలి, చెడ్డదానికి అక్కర్లేదు, మంచిదాన్ని చెడ్డది చేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇంత సులువైన సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ తట్టనందుకు అన్ని శాఖలూ ఆశ్చర్యపోయాయి. ఒక కార్యాలయంలో అదనంగా ఉన్న కొత్త కుర్చీల కాళ్లు విరిచి అటకెక్కించారు. ఒక హాస్టలులో ఎక్కువ వచ్చిన దుప్పట్లను చించి వదిలించుకున్నారు. మిగిలిన విత్తనాలను తడిపి, మొలకెత్తించి, ఆ తర్వాత పనికిరావని రాశారు. ఒక సంస్థలో బాగా పనిచేస్తున్న ఒక ఉద్యోగిని ముందుగా పనికిమాలిన సీటులో కూర్చోబెట్టి, అతడు పాడయ్యాక పంపేశారని కూడా వినికిడి. డాక్టర్ పరాంకుశం ఈ విధానం మీద సదస్సుల్లో ప్రసంగించసాగారు.

లింగాలమడుగు నష్టం అంచనా వేయడానికి వెళ్లిన జట్టులో నీలవేణి పేరు కూడా వేశారు. అక్కడ ఇసుకలో పాతుకుపోయిన పందిరి గుంజను ఊడదీస్తున్న పోశవ్వ అనే నడివయసు మనిషి ఆమెను నిలేసింది. లంకలో నాలుగు మళ్లు ఆమెవి.

"కంప్యూటర్ల మడతపేచి ఉందని మీకు ముందే ఎరుకనట గద. బాగు చెయ్యనీకి ఎంతసేపు పట్టేది బిడ్డా?"

"ఒక్క నిమిషం" అంది నీలవేణి.

"మరెందుకు చెయ్యలే?"

"పర్మిషన్ ఇయ్యలే."

"నువ్వు జేస్తే వాళ్లకెర్కయితుండెనా?"

తెలిసేది కాదన్నట్టు నీలవేణి తల అడ్డంగా ఊపింది. పోశవ్వ గుంజకు అటువైపు పట్టమంది. ఇద్దరూ కలిసి దాన్ని బయటికి లాగారు. తిరుగు ప్రయాణంలో జీపులో అందరూ పంట నష్టాన్ని ఏ శీర్షిక కింద రాయాలో మాట్లాడుకుంటుంటే, నీలవేణి చేతికి అంటిన ఇసుకను దులపకుండా కూర్చుంది. ఆ మనిషి తిట్టి ఉంటే బాగుండునని ఆమెకు అనిపించింది.

తర్వాతి వేసవిలో వానలకు ముందు ప్రోగ్రామును తనిఖీ చేసి నివేదిక ఇమ్మన్నారు. గేట్లు దించే భాగంలో నీలవేణికి మరో తప్పు కనిపించింది. ఈసారి ప్రోగ్రాము దొంతరలో పెట్టినదానికంటే ఒకటి ఎక్కువ తీస్తోంది. ఖాళీ దొంతరలోంచి తీయబోతే చిప్పు అప్పుడూ చెత్తే ఇస్తుంది. దాన్ని అలాగే వదిలేస్తే, వరద తగ్గుముఖం పట్టే వేళ గేట్లు దిగకుండా నిలిచిపోయి, ఉన్న నీళ్లన్నీ పోయేవి. ఆమె ఆ ఎక్కువ లైనును తీసేసింది. పనిలో పనిగా నాలుగు లైన్లనూ కొట్టేసి, మొదట రాసిన ఒక్క లైనునే పెట్టింది. రోజంతా నడిపించి చూసుకుని, డ్యాముకు పంపేసింది. నివేదికలో, "పరిశీలించాను. మార్పులేమీ అవసరం లేదు, చేయలేదు" అని రాసింది.

ఇంత స్పష్టమైన సాంకేతిక నివేదికను తన సర్వీసులో చూడలేదని విఠలేశ్వర్ అన్నారు. దాన్ని నమూనాగా అన్ని జిల్లాలకూ పంపించారు. ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. గేట్లు లేవవలసినప్పుడు లేచాయి, దిగవలసినప్పుడు దిగాయి. ఎవరూ ముట్టుకోకపోవడం వల్లనే వ్యవస్థ ఇంత చక్కగా పనిచేస్తోందని డైరెక్టరు గుర్తించి, ముట్టుకునే మనిషి పోస్టును రద్దు చేశారు. నీలవేణికి శాలువా కప్పి, ఫొటో తీయించుకుని, పంపేశారు.

ఆమె బల్ల సర్దుకుంటుండగా మల్సూర్ ఫోను చేశాడు. గేట్లు ఇంత మంచిగా దిగడం తాను ఎన్నడూ చూడలేదన్నాడు. లింగాలమడుగు వాళ్లు లంకలో మళ్లీ పందిళ్లు వేస్తున్నారని చెప్పాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"మీరే ఏదో జేసినట్టున్నరు మేడం."

"ఏం చెయ్యలేదు మల్సూర్. రాసి కూడా ఇచ్చిన."



"అట్లనే ఉండనీయండి" అన్నాడు మల్సూర్. "చేసినమని చెప్తే మళ్ల తీసేస్తరు."